సంతకానికి ముందు

కథ రాసినవారు, పాట కట్టినవారు, బొమ్మ గీసినవారు, చిన్న సినిమా తీసినవారు, కాపీరైట్ మాట రాగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "రిజిస్టర్ చేయించాలా?" జవాబు చిన్నది. చేయిస్తే మంచిదే, చేయించకపోయినా హక్కు ఎక్కడికీ పోదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రచన కాగితం మీదికో, టేపు మీదికో, కంప్యూటర్ లోకో ఎక్కిన క్షణానే హక్కు పుడుతుంది. దానికి ఎవరి ముద్రా అక్కర్లేదు. ఢిల్లీ ద్వారకాలో, సెక్టార్ 14 లోని బౌద్ధిక్ సంపదా భవన్ లో కాపీరైట్ ఆఫీసు ఉంది. కథకో నాటకానికో అక్కడ కట్టే ఫీజు 500 రూపాయలు. దరఖాస్తు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు, ఆ తరువాత పరిశీలించి ధ్రువపత్రం ఇస్తారు. నిజంగా మీరే రాశారా అని కూపీ లాగేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు. అందుకే చట్టంలోని 48వ సెక్షన్ ఆ ధ్రువపత్రానికి ప్రాథమిక సాక్ష్యమన్న హోదా మాత్రమే ఇచ్చింది. అంటే కోర్టులో మొదటి అడుగు మీది అవుతుంది, కాదని నిరూపించే బరువు ఎదుటివారి మీద పడుతుంది. 500 రూపాయలకు అది తక్కువ లాభమేమీ కాదు. అయితే రిజిస్ట్రేషన్ గురించి ఇంత ఆరాటపడే మనం, ఆ హక్కునే పూర్తిగా రాసి ఇచ్చే కాగితం ముందుకు వచ్చినప్పుడు దాన్ని చదవనైనా చదవం. మన రచయితలూ కళాకారులూ దొంగల వల్ల పోగొట్టుకున్న దానికంటే సొంత సంతకం వల్ల పోగొట్టుకున్నదే ఎక్కువని నా అభిప్రాయం. కనుక లాయరు దగ్గరికి వెళ్ళవలసిన వేళ, ఒప్పందం చేతికి వచ్చిన వేళ. ఇలా ఎందుకు అంటున్నానో ఢిల్లీ కోర్టుల్లో నడిచిన కొన్ని వ్యాజ్యాలే చెబుతాయి.

ముందుగా చట్టం దేన్ని కాపాడుతుందో, దేన్ని కాపాడదో తేల్చుకోవాలి. ఈ విషయంలో దేశమంతటికీ దారి చూపిన కేసు ఢిల్లీలోనే పుట్టింది. ఆర్.జి. ఆనంద్ అనే ఆయన వృత్తికి ఆర్కిటెక్టు, ప్రవృత్తికి నాటక రచయిత. 1953లో 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాశారు. 1954 ఫిబ్రవరిలో న్యూఢిల్లీలోని వేవెల్ థియేటర్ లో దాన్ని ప్రదర్శించారు. పక్కపక్కనే ఉండే ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, ఆ రెండిళ్ళ పిల్లల ప్రేమ, మధ్యలో ప్రాంతాభిమానపు గోడ. ఇదీ కథ. (ఆ రోజుల ఢిల్లీలో తెలుగువాళ్ళమూ మద్రాసీల లెక్కలోకే వచ్చేవాళ్ళమని వేరే చెప్పనక్కర్లేదు.) తరువాత మోహన్ సెహగల్ అనే దర్శకుడు ఆ నాటకం విన్నారు. 1956లో ఆయన సినిమా 'న్యూఢిల్లీ' విడుదలైంది. కిశోర్ కుమార్, వైజయంతిమాల నటించారు. అందులోనూ పంజాబీ కుర్రాడే, మద్రాసీ అమ్మాయే, ప్రాంతాల పట్టింపే. ఆనంద్ దావా వేశారు. కింది కోర్టులో ఓడిపోయారు, హైకోర్టులో ఓడిపోయారు, చివరికి 1978 ఆగస్టులో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఆలోచన, ఇతివృత్తం, చారిత్రక సంగతి, ఇవి ఎవరి సొత్తూ కావని, ఆ ఆలోచనకు రచయిత ఇచ్చిన రూపమే అతని సొత్తని జస్టిస్ ఫజల్ అలీ రాసిన తీర్పు తేల్చింది. రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది దానికి నకలే అన్న తిరుగులేని భావన కలగాలి, అప్పుడే ఉల్లంఘన. సినిమాలో అద్దె ఇళ్ళ దగ్గర చూపే వివక్ష, కట్నాల దురాచారం వంటివి అదనంగా వచ్చాయని, కథ నడిచిన తీరు వేరని కోర్టు భావించింది. ధర్మాసనంలోనే ఉన్న జస్టిస్ పాఠక్ ఫలితంతో ఏకీభవిస్తూనే, ఈ విషయంలో తన మనసు పూర్తిగా కుదుటపడలేదన్న ధోరణిలో విడిగా కొన్ని మాటలు రాశారు. నాకైతే ఆ విడి మాటలే ఎక్కువ గుర్తుంటాయి. ఏ ఒక్క పోలికనూ గట్టిగా పట్టుకోలేని కేసులో, వినిపించిన కథ ఎంతవరకు వినిపించారో, ఏ షరతు మీద వినిపించారో రాతపూర్వకంగా ఉండి ఉంటే వాదన మరోలా నడిచేది కదా. నోటితో చెప్పిన కథను చట్టం కాపాడటం కష్టం. చెప్పే ముందు రెండు వాక్యాల గోప్యత ఒప్పందం రాయించుకుంటే, కాపీరైట్ చట్టం కాపాడని ఆలోచనను కాంట్రాక్టు చట్టం కాపాడవచ్చు. కథ చెప్పడానికి వెళ్ళే ముందే లాయరుతో మాట్లాడితే లాభం అక్కడుంది.

హక్కు ఎవరిది అన్నది రెండో సంగతి. రాసినవాడిదే అనుకుంటాం. ఎప్పుడూ అలా కుదరదు. నోయిడా ఫిల్మ్ సిటీలోని చానళ్ళలో, గురుగ్రామ్ ప్రకటన సంస్థల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మన తెలుగు పిల్లలు ఎందరో పనిచేస్తున్నారు. నెల జీతానికి, ఆ ఉద్యోగంలో భాగంగా రాసినది యజమానికే చెందుతుందని చట్టం 17వ సెక్షన్ అంటుంది, వేరే ఒప్పందం లేకపోతే. అదే పనిని బయటి నుంచి, ఉద్యోగం కాకుండా, పనికింత అని ఒప్పుకుని చేస్తే హక్కు మామూలుగా చేసినవాడిదే. కంపెనీ డబ్బిచ్చింది కదా అన్నంత మాత్రాన సాఫ్ట్‌వేర్ కోడ్ మీదా, వ్యాసం మీదా హక్కు కంపెనీకి పోదు. రాతపూర్వకంగా రాసిస్తేనే పోతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేయించుకున్న చిత్తరువు, తీయించిన సినిమా, వీటి మొదటి హక్కుదారు పురమాయించినవాడే. పెళ్ళి ఫోటోగ్రాఫరుకు ఈ సంగతి తెలియక, కంటెంట్ రాసే అమ్మాయికి ఆ మొదటి సంగతి తెలియక, ఇద్దరూ తమకు లేని భయాలు పడుతుంటారు, ఉన్న భయాలు వదిలేస్తుంటారు. పత్రికా రచయితకు కొంత వెసులుబాటు ఉంది. జీతానికి రాసిన వ్యాసాన్ని పత్రికలో వేసుకునే హక్కు యాజమాన్యానిదైనా, ఆ వ్యాసాలను పుస్తకంగా తెచ్చుకునే హక్కు రచయితకు మిగులుతుంది. ఉద్యోగ ఒప్పందంలో ఒక్క వాక్యం చాలు, అదీ పోతుంది.

ఢిల్లీలో కూచిపూడి నేర్పేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాజారెడ్డి, రాధారెడ్డి దంపతుల కృషి వల్ల ఈ నగరానికి కూచిపూడి కొత్తది కాదు. అడుగులు, జతులు, సంప్రదాయంగా వచ్చిన అభినయం ఎవరి సొంతమూ కావు. అయితే ఒక గురువు వాటితో కూర్చిన కొత్త నృత్యరూపకం నాటక రచనతో సమానంగా రక్షణ పొందుతుంది, అది రాతలోనో మరో రూపంలోనో స్థిరపడితే. గురువు మనసులోనూ శిష్యుల కాళ్ళలోనూ మాత్రమే ఉంటే కోర్టుకు చూపడానికి ఏమీ ఉండదు. తేదీతో సహా ఒక వీడియో, నడకలు రాసిన ఒక నోటుబుక్కు, ఇంతే కావలసింది.

ఇక అసలు సంగతి, సంతకం. హక్కు చేతులు మారే పద్ధతులు రెండు. ఇల్లు అమ్మడానికీ అద్దెకివ్వడానికీ ఎంత తేడా ఉందో, హక్కు బదలాయించడానికీ వాడుకోవడానికి అనుమతి ఇవ్వడానికీ అంత తేడా ఉంది. మన ప్రచురణ రంగంలో, సినిమా రంగంలో నూటికి ఎన్నో ఒప్పందాలు అద్దెతో సరిపోయే చోట అమ్మకం రాయించుకుంటాయి. "సర్వహక్కులూ, సమస్త మాధ్యమాల్లో, విశ్వమంతటా, శాశ్వతంగా" అన్న వాక్యం విని నవ్వుకుంటాం గాని, సంతకం మాత్రం పెట్టేస్తాం. చట్టం ఈ బలహీనతను గమనించింది. 19వ సెక్షన్ ప్రకారం బదలాయింపు రాతలో ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఏ రచన, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవి స్పష్టంగా పేర్కొనాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్న హక్కును ఏడాది లోపల వాడకపోతే అది జారిపోతుంది, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప. 2012 సవరణ ఇంకా ముందుకు వెళ్ళింది. పాట రాసినవారు, సంగీతం కూర్చినవారు హక్కులన్నీ నిర్మాతకు రాసిచ్చినా, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం మినహాయించి మిగతా వాడకాలన్నిటి మీదా సమానవాటా రాయల్టీ అడిగే హక్కును వదులుకోలేరు. రేడియోలో, ఫోనులో, పెళ్ళి మండపంలో ఆ పాట మోగితే వాటా ఉంటుంది. ఒప్పందం నాటికి లేని, లేదా వాడుకలోకి రాని మాధ్యమానికి హక్కు ఇచ్చినట్టు చూడరు, ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప.

ఈ రక్షణలన్నిటిలో ఒక మాట మళ్ళీ మళ్ళీ రావడం శ్రోతలు గమనించే ఉంటారు: రాసుకుంటే తప్ప, పేర్కొంటే తప్ప. ఖాళీ ఉన్న చోట చట్టం రచయిత పక్షాన నిలబడుతుంది, ఆ ఖాళీని ఎదుటివారి లాయరు పూరించాడా, పక్కకు తప్పుకుంటుంది. ఒక్క రాయల్టీ విషయంలోనే అది మొండిగా నిలబడింది. షరతులు మరీ దారుణంగా ఉంటే బదలాయింపు రద్దు చేయమని కోర్టును కోరే దారి 19ఎ సెక్షన్‌లో ఉంది. అయితే ఒప్పందం తేదీ నుంచి అయిదేళ్ళు గడిచేదాకా ఆ రద్దు రాదు. అయిదేళ్ళలో ఒక పుస్తకం పాతబడుతుంది, ఒక పాట మరుగున పడుతుంది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఒప్పందం ఏమైనా, రచయిత పరువును కాపాడే 57వ సెక్షన్ ఉంది కదా, ఢిల్లీ హైకోర్టు దాన్ని ఎంతో ఉదారంగా చదివింది కదా, ఇక సంతకానికి భయమెందుకు అని. నిజమే, చదివింది. మిరాండా హౌస్ కళాశాలలో హిందీ బోధించిన రచయిత్రి మన్నూ భండారీ తన నవల 'ఆప్ కా బంటీ'ని సినిమాకు ఇచ్చారు. తీసిన సినిమా తన నవలను వికృతం చేసిందని కోర్టుకు వెళ్ళారు. హక్కులు రాసిచ్చిన తరువాత కూడా రచయితకు తన రచన పేరు చెడగొట్టవద్దనే హక్కు ఉంటుందని, ఒప్పందాన్ని 57వ సెక్షన్‌కు లోబడే చదవాలని హైకోర్టు 1986లో స్పష్టం చేసింది. అంతకన్నా పేరు పొందినది శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు. విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వం 1957లో ఆయనకు ఒక కంచు కుడ్యశిల్పం పురమాయించింది. సుమారు 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. అయిదేళ్ళ శ్రమ. 1962లో గోడకెక్కింది, దేశంలోని గొప్ప కళాఖండాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1979లో భవనం మరమ్మతుల పేరుతో శిల్పికి కబురైనా పెట్టకుండా దాన్ని ఊడదీసి గోడౌనులో పడేశారు. ముక్కలు విరిగాయి, కొన్ని పోయాయి. ఆయన అర్జీలు పెట్టీ పెట్టీ విసిగి 1992లో హైకోర్టుకు వెళ్ళారు. డబ్బిచ్చి కొన్న వస్తువు మా ఇష్టం, ఒప్పందం మాకే హక్కులిచ్చింది అన్నది ప్రభుత్వ వాదన. 2005 ఫిబ్రవరిలో జస్టిస్ ప్రదీప్ నంద్రజోగ్ తీర్పు చెబుతూ, కళాఖండాన్ని ధ్వంసం చేయడం దాన్ని వికృతం చేయడంలో చివరి మెట్టేనని, అది కళాకారుడి పరువుకు దెబ్బేనని, మిగిలిన ముక్కలను శాశ్వతంగా శిల్పికి తిరిగి ఇవ్వాలని, 5 లక్షల రూపాయలు నష్టపరిహారం చెల్లించాలని ఆదేశించారు.

గొప్ప తీర్పు. కళను కొన్నవాడు కళాకారుడి గౌరవాన్ని కొనలేదని దేశం మొత్తానికి చెప్పిన తీర్పు. కానీ లెక్క వేసుకుందాం. శిల్పం ఊడదీసినది 1979, తీర్పు వచ్చినది 2005. మధ్యన 26 ఏళ్ళు, అందులో కోర్టులోనే 13. గెలిచి చేతికి తెచ్చుకున్నవి విరిగిన కంచు ముక్కలు. సెహగల్ 2007లో కన్నుమూశారు. 57వ సెక్షన్ ఆయనను గెలిపించింది, శిల్పాన్ని మాత్రం నిలబెట్టలేకపోయింది. పోనీ ఆ దారైనా అందరికీ తెరిచి ఉందా అంటే అదీ లేదు. ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ మనలో చాలామంది చూసినదే. 1972లో వాస్తుశిల్పి రాజ్ రేవల్, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి కట్టిన ఆ కాంక్రీటు జాలీ మండపాన్ని 2017 ఏప్రిల్‌లో కూల్చేశారు. రేవల్ అదే 57వ సెక్షన్ పట్టుకుని అదే ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. 2019 మేలో జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేశారు. స్థలం యజమానికి తన కట్టడాన్ని కూల్చుకునే హక్కు ఉందని, కట్టడం పూర్తిగా కనుమరుగైతే దాన్ని వికృతంగా చూపి వాస్తుశిల్పి పరువు తీసినట్టు కాదని ఆయన తర్కం. కంచు శిల్పానికి దొరికిన రక్షణ కాంక్రీటు కట్టడానికి దొరకలేదు. తీర్పుల్లో ఏది సరి అన్నది న్యాయశాస్త్ర విద్యార్థులు వాదించుకుంటూనే ఉన్నారు. నాకు మాత్రం రెండూ కలిసి ఒకటే చెబుతున్నట్టు అనిపిస్తుంది. పురమాయింపు ఒప్పందంలోనే "దీన్ని తొలగించవలసి వస్తే ముందుగా కళాకారుడికి ఇన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, తీసుకుపోయే అవకాశం ఇవ్వాలి" అని ఒక్క షరతు ఉంటే, 26 ఏళ్ళ తరువాత న్యాయమూర్తి ఔదార్యం మీద ఆధారపడవలసిన పని ఉండేది కాదు. నోయిడాలో, గురుగ్రామ్‌లో ఆఫీసు గోడల మీద చిత్రాలు వేస్తున్న నేటి కళాకారుల్లో ఎంతమంది ఆ షరతు అడుగుతున్నారు?

అడిగితే పని పోతుంది అంటారు. ఇది అన్నిటికంటే నిజాయితీ గల అభ్యంతరం. కొత్త రచయితకు బేరమాడే బలం ఎక్కడిది? వందమంది బయట నిలబడి ఉంటే, షరతులు అడిగేవాణ్ణి నిర్మాత ఎందుకు పిలుస్తాడు? ఈ మాటలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేసే సలహాదారులను నేను నమ్మను. కానీ బేరం అంటే ధర పెంచమనడం ఒక్కటే కాదు. డబ్బు పెంచకుండానే ఎదుటివారు ఒప్పుకునే విషయాలు ఉంటాయి. శాశ్వతం బదులు పదేళ్ళు. అన్ని భాషలకూ బదులు ఒక భాష. అనువాద హక్కు నాకే ఉండాలి. పుస్తకం రెండేళ్ళు అచ్చులో లేకపోతే హక్కులు తిరిగి రావాలి. పేరు ఇలా వేయాలి. వీటికి ప్రచురణకర్తకు అయ్యే ఖర్చు దాదాపు సున్నా, రచయితకు, ఆయన తరువాత అరవై ఏళ్ళపాటు వారసులకు, వీటి విలువ చాలా ఎక్కువ. అవును, రచయిత పోయిన తరువాత 60 ఏళ్ళు. 1979లో కన్నుమూసిన చలం రచనల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. అంత దూరం సాగే ఆస్తిని నిలబడి అయిదు నిమిషాల్లో రాసివ్వడం ఏ లెక్కన చూసినా సరికాదు. అడిగినా ఎదుటివారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు కూడా ఏం పోతున్నదో తెలిసి సంతకం పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు. తెలిసినవాడు రెండో పుస్తకానికైనా జాగ్రత్త పడతాడు.

ఒప్పందం అంటూ ఏమీ లేకుండా పని దొంగిలించబడితే పోలీసు కేసు పెట్టవచ్చు కదా అనేవారూ ఉన్నారు. పెట్టవచ్చు. 63వ సెక్షన్ కింద మూడేళ్ళదాకా జైలు శిక్ష ఉంది. వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరమనీ, బెయిలు హక్కుగా దొరకదనీ ఢిల్లీ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చింది. కానీ ఆ దారిలో వేగం ఎంతో చూడండి. స్వాతి పత్రికలో వచ్చిన 'చచ్చేంత ప్రేమ' నవలను తీసుకున్నారన్న ఆరోపణతో, 2015లో విడుదలైన 'శ్రీమంతుడు' సినిమా మీద ఆ నవలా రచయిత హైదరాబాద్ నాంపల్లి కోర్టుకు వెళ్ళారు. క్రిమినల్ విచారణను ఆపమంటూ దర్శకుడు వేసిన పిటిషన్ విషయంలో జోక్యం చేసుకోవడానికి సుప్రీంకోర్టు 2024 జనవరిలో సుముఖత చూపలేదు. ఆరోపణ నిజమా కాదా అన్నది విచారించే కోర్టు తేల్చవలసినది, దాని మీద నాకు అభిప్రాయం లేదు. సినిమా వచ్చిన తొమ్మిదో ఏట కూడా విచారణ జరగాలా వద్దా అన్న దగ్గరే ఉన్నారన్నది మాత్రం గమనించవలసిన సంగతి. పైగా ఆధారం చూసుకోకుండా బెదిరింపు నోటీసులు పంపితే, అవి నిరాధారమని ఎదుటివారే మన మీద దావా వేయడానికి 60వ సెక్షన్ వీలిస్తుంది. ఆవేశంలో నోటీసు రాసే ముందు లాయరు చూడాలనడానికి ఇదొక కారణం.

కాపీరైట్ గురించి ఇంత పట్టింపు మంచిది కాదు, అది జ్ఞానానికి తాళం వేస్తుంది అని ఇంకో పక్షం. ఆ వాదన మీద నాకు గౌరవం ఉంది. చట్టమే దానికి చోటిచ్చింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. పాఠాల కోసం పుస్తకాల్లోని భాగాలను నకళ్ళు తీసి విద్యార్థులకు ఇవ్వడం బోధనలో భాగమేనని హైకోర్టు 2016లో ఆ దుకాణం పక్షాన నిలిచింది. విమర్శకు, బోధనకు, వార్తకు, సొంత చదువుకు తగుమాత్రంగా వాడుకోవడాన్ని 52వ సెక్షన్ తప్పు పట్టదు. కనుక జ్ఞానం పేరు చెప్పి రచయితలు తమ ఒప్పందాలను గాలికి వదలనక్కర్లేదు. విద్యార్థికి దొరికే వెసులుబాటు వేరే సెక్షన్‌లో భద్రంగానే ఉంది.

చివరిగా ఖర్చు సంగతి. లాయర్లంటే డబ్బున్నవారికే అన్న భయం ఢిల్లీలో మరీ ఎక్కువ, సుప్రీంకోర్టు లాయర్ల ఫీజుల కథలు వినీ వినీ. కానీ ఒప్పందం చదివి నాలుగు మాటలు మార్చి ఇచ్చే లాయరుకు అయ్యే ఖర్చు వేరు, దావా నడిపించే ఖర్చు వేరు, రెండింటికీ పోలికే లేదు. ఆ మొదటి ఖర్చు కూడా పెట్టుకోలేనివారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచిత సహాయం ఇస్తుంది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలందరికీ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వైకల్యం ఉన్నవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పనిలేకుండా ఈ సహాయం దొరుకుతుంది. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఉచిత లాయరంటే క్రిమినల్ కేసులకూ కుటుంబ తగాదాలకేనన్న అపోహ వల్ల, కథ రాసే గృహిణి గాని, ఎంబ్రాయిడరీ నమూనాలు గీసే అమ్మాయి గాని ఆ గడప తొక్కడం లేదు. కాపీరైట్ దావా జిల్లా కోర్టు స్థాయికి తక్కువ కాకుండా వేయాలి, అది మీరు నివసించే చోటే వేయవచ్చని 62వ సెక్షన్ చెబుతుంది. రాజధాని ప్రాంతంలో ఇది ముఖ్యం. ద్వారకాలో ఉండేవారికి ద్వారకా కోర్టు, నోయిడాలో ఉండేవారికి గౌతమబుద్ధనగర్ కోర్టు, అప్పీలు అలహాబాద్ హైకోర్టుకు. గురుగ్రామ్ వారి అప్పీలు చండీగఢ్‌కు. "వివాదాలన్నీ ముంబై కోర్టుల్లోనే" అన్న వాక్యం ఒప్పందంలో కనిపిస్తే, ఇంటి దగ్గర దావా వేసే సౌకర్యం మీద అక్కడే తగాదా మొదలవుతుంది. ఆ వాక్యాన్ని తీయించడం లాయరు చేయగల మొదటి ఉపకారం. మూడు లక్షలు, ఆపై విలువ గల వాణిజ్య వివాదాల్లో, తక్షణ ఉత్తర్వు అవసరం లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అది న్యాయ సేవల సంస్థ ద్వారానే జరుగుతుంది, నెలల్లో తేలుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా మీ పని పెట్టుకుంటే, దాన్ని నిలిపి ఉంచిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు సబబుగా కనిపిస్తే వారు 36 గంటల్లో దాన్ని అందుబాటులో లేకుండా చేయాలి. అయితే 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు తేకపోతే అది మళ్ళీ పైకి రావచ్చు. ఉల్లంఘన జరిగిన మూడేళ్ళలోపే దావా వేయాలన్నదీ మరవకూడదు.

ఇప్పుడు రాసుకునే ఒప్పందాల్లో ఇంకో షరతు అడగాలి. వార్తాసంస్థ ఏఎన్‌ఐ తన వార్తలను కృత్రిమ మేధ శిక్షణకు వాడుకున్నారంటూ ఓపెన్‌ఏఐ మీద 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఆ తగాదా ఎటు తేలినా, మీ రచనను యంత్రాల శిక్షణకు ఇవ్వవచ్చా లేదా, ఇస్తే మీకేమిటి అన్నది మీ ఒప్పందంలో ఒక వాక్యంగా ఉండటం మంచిది. లేకపోతే ఆ "సమస్త మాధ్యమాల్లో" అన్న మాటలో అదీ ఉందని రేపు ఎవరైనా వాదిస్తారు.

శ్రోతలకు నా మనవి ఇదే. చేతిలో ఒప్పందం ఉన్నవారు, ఈ వారం సంతకం పెట్టబోతున్నవారు, ఒక్క రోజు ఆగండి. జాతీయ న్యాయ సేవల సంస్థ నంబరు 15100, ఢిల్లీ రాష్ట్ర న్యాయ సేవల సంస్థ నంబరు 1516. ఫోన్ చేసి, ఒప్పందం చదివి చెప్పే లాయరు కావాలని అడగండి. వెళ్ళేటప్పుడు ఒప్పందం ప్రతి, మీ రచన చిత్తు ప్రతులు, తేదీలు కనిపించే ఈమెయిళ్ళు వెంట తీసుకెళ్ళండి.